పైరవీ: సాయం ఎక్కడ ఆగుతుంది, నేరం ఎక్కడ మొదలవుతుంది?

నాన్న పోయిన మూడో నెలలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం మీసేవలో దరఖాస్తు పెట్టాం. రెండుసార్లు తిరస్కరించారు. మూడోసారి నేరుగా ఆఫీసుకే వెళ్లాం. గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కాపీలు తీయిస్తుంటే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒకాయన మా కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "మూడు వేలు అవుతుందండీ. లోపల మన మనిషి ఉన్నాడు. సాయంత్రానికల్లా చేయించేస్తా" అన్నాడు. ఇచ్చేద్దాం అన్నట్టు అమ్మ నా చెయ్యి నొక్కింది. జేబులో అంత డబ్బు లేక లోపలికే వెళ్లాం.

కౌంటర్లో ఉన్న అమ్మాయి స్క్రీన్ చూసి విషయం చెప్పింది. మరణ ధ్రువపత్రంలో నాన్న పేరు వెంకటేశ్వరరావు అని ఉంది, ఆధార్‌లో వెంకటేశ్వర్లు అని ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ జతచేస్తే చాలు. నోటరీ దగ్గర రెండు వందల్లో పనైపోయింది. సర్టిఫికెట్ తర్వాతి వారం వచ్చింది.

ఆ మూడు వేలు దేనికి అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. కాగితాలు తిప్పినప్పుడే ఆయనకు పేర్ల తేడా కనిపించి ఉంటుంది. లోపల ఆయన మనిషి ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు. ఉన్నా, ఈ పనికి ఆ మనిషి అవసరమే లేదు. పైరవీ అని మనం ఒకే మాటతో పిలిచేదాంట్లో నిజానికి ఎన్ని రకాల సరుకులు కలిసిపోయి ఉన్నాయో విడదీసి చూడాలనిపించింది.

కచేరీ మాట, రాజనీతి శాస్త్రంలోకి వెళ్లిన మాట

పైరవీ పారసీ నుంచి వచ్చింది. వెంట నడవడం, వెంబడించడం దాని అసలు అర్థం. హిందీలో ఇప్పటికీ కోర్టులో ఒకరి తరఫున వాదించడాన్ని పైరవీ అంటారు, అందులో తప్పు వాసన లేదు. తెలుగులో మాత్రం ఆఫీసుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగి పలుకుబడితో పని చేయించడం అనే అర్థం స్థిరపడింది. దళారీ, సిఫార్సు, వకాల్తా కూడా ఇలా సర్కారు కచేరీల దారిలో వచ్చినవే.

పైరవీకారు అన్న తెలుగు మాట అంతర్జాతీయ పరిశోధనలోకి కూడా వెళ్లింది. సార్వత్రిక విశ్వవిద్యాలయాల వ్యవస్థకు పునాది వేసిన జి. రాంరెడ్డి, ప్రొఫెసర్ జి. హరగోపాల్ కలిసి 1985లో 'ఏషియన్ సర్వే' పత్రికలో గ్రామీణ పైరవీకారు మీద వ్యాసం రాశారు. అభివృద్ధి పథకాలతో ప్రభుత్వం ఊళ్లోకి వచ్చింది గానీ ఊరివాడికి దాని భాష, దాని కాగితం అందలేదు. ఆ మధ్య ఖాళీలో నిలబడినవాడే పైరవీకారు.

ఆ కాలంలో జరిగిన ఇంకో మార్పును కూడా దీని పక్కన పెట్టి చూడాలని నా అభిప్రాయం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యంగా ఊరి లెక్కలన్నీ గుప్పిట్లో పెట్టుకున్నవాళ్లు పోవడం అవసరమైన మార్పే. అయితే భూమి కాగితం గురించి అడగడానికి ఊళ్లో ఉన్న ఒకే ఒక్క గుమ్మం కూడా దాంతో మూతపడింది. మండల ఆఫీసుకు దారి తెలిసినవాడు, పార్టీ జెండా పట్టినవాడు ఆ గుమ్మం అయ్యాడు.

అంతకు రెండు వందల ఏళ్ల ముందు చెన్నపట్నంలో దుబాసీలు ఉండేవారు. రెండు భాషలు తెలిసినవాళ్లు అని ఆ మాటకు అర్థం. దొరకు దేశభాష రాదు, దేశవాళికి దొర భాష రాదు. గవర్నర్‌గా ఉన్న హాలండ్ సోదరుల దుబాసీ అవధానం పాపయ్య పలుకుబడి ఎంత దూరం పోయిందంటే, ఈస్టిండియా కంపెనీ రెవెన్యూ బోర్డులో ఉన్న హాలిబర్టన్ అనే తెల్ల అధికారి మీద కుట్ర చేశాడన్న అభియోగంపై 1792లో విచారణకు నిలబడి దోషిగా తేలాడు.

ఒకే కుర్చీలో నాలుగు సరుకులు

జిరాక్స్ షాపు కుర్చీలో కూర్చున్న మనిషి అమ్మగలిగిన మొదటి సరుకు తెలివిడి. ఏ ఫారం, ఏ జత కాగితం, ఏ రోజు ఏ సంతకందారు ఉంటారు. దీనికి డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. దస్తావేజు రాసేవారు, ఆడిటర్లు, వకీళ్లు చేసేది అదే. రెండోది కాలం. కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు తిరగలేని మనిషి తరఫున ఆయన తిరుగుతాడు. ఇదీ సేవే.

మూడోది పలుకుబడి. "సారుకు చెప్తాను, నా మాట కాదనడు" అన్న మాటకు ధర కట్టడం. నాలుగోది పలుకుబడి ఉన్నట్టు నటించడం. మొదటి రెండింటికీ చివరి రెండింటికీ మధ్య గోడ ఉంది. బయట నిలబడ్డ మనకు అది కనిపించదు, ఎందుకంటే నాలుగింటికీ చెప్పే మాట ఒక్కటే: "చేయించేస్తా."

నాలుగో సరుకు ఎలా అమ్ముడుపోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఉద్యోగ బదిలీలు జరుగుతున్నాయనుకోండి. ఒక మధ్యవర్తి పది మంది దగ్గర తలా 50 వేలు తీసుకుంటాడు. "పని కాకపోతే పైసాతో సహా వాపసు" అని మాట ఇస్తాడు. మొత్తం 5 లక్షలు. అతను ఎవరికీ ఫోన్ కూడా చెయ్యడు. సీనియారిటీ ప్రకారం, ఖాళీల ప్రకారం ఆ పది మందిలో ఆరుగురికి కోరిన చోటు ఎలాగూ వచ్చేస్తుంది. మిగతా నలుగురికి 2 లక్షలు తిరిగి ఇచ్చేస్తాడు. చేతిలో 3 లక్షలు మిగులుతాయి. పనైన ఆరుగురూ "ఆయన వల్లే అయింది" అని నమ్ముతారు. పని కాని నలుగురూ "మాట తప్పే మనిషి కాదు, డబ్బు తిరిగిచ్చాడు" అంటారు. వచ్చే ఏడాది అతని దగ్గరికి ఇరవై మంది వస్తారు. ఫలితం ఎలా తేలుతుందో బయటివాళ్లకు కనిపించని ప్రతిచోటా ఈ వ్యాపారం నడుస్తుంది. జాబితా, మార్కులు, కారణం ముందే బోర్డు మీద పెడితే ఈ లెక్క పనిచెయ్యదు.

చట్టం గీసిన గీత 1860 నాటిది

పలుకుబడిని అమ్ముకోవడం నేరమని మన చట్టం చెప్పడం కొత్త కాదు. 1860 నాటి భారత శిక్షా స్మృతిలోని 163వ సెక్షన్ దాని గురించే. దాని కింద ఇచ్చిన ఉదాహరణ ఇప్పటికీ పనికొస్తుంది. జడ్జి ముందు వాదించడానికి ఫీజు తీసుకునే వకీలు ఈ నేరం కిందికి రాడు. ప్రభుత్వానికి ఇచ్చే అర్జీని సరిదిద్ది రాసిపెట్టి డబ్బు తీసుకునేవాడూ రాడు. శిక్షపడిన ఖైదీ తరఫున, ఆ శిక్ష అన్యాయమని చూపే విషయాలను ప్రభుత్వం ముందు పెట్టే ఏజెంటూ రాడు. వీళ్లెవరూ వ్యక్తిగత పలుకుబడిని వాడటం లేదు, వాడతామని చెప్పుకోవడమూ లేదు. కాబట్టి వాదన అమ్మవచ్చు, రాత అమ్మవచ్చు, శ్రమ అమ్మవచ్చు. "ఆయన నాకు తెలుసు" అన్నదాన్ని అమ్మకూడదు.

1988లో అవినీతి నిరోధక చట్టం వచ్చినప్పుడు ఇదే విషయం అందులో 9వ సెక్షన్ అయింది. 2018 సవరణతో పాత 8, 9 సెక్షన్ల స్థానంలో 7ఏ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగి తన విధిని అక్రమంగా గానీ నిజాయితీ లేకుండా గానీ నిర్వర్తించేలా, లేదా నిర్వర్తించకుండా ఆపేలా పలుకుబడి వాడతానని ఎవరైనా ప్రతిఫలం తీసుకుంటే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, జరిమానా. తీసుకున్నవాడు ప్రభుత్వ ఉద్యోగి కానక్కర్లేదు. తీసుకోవడానికి ప్రయత్నించినా చాలు.

పాత 9వ సెక్షన్ ఎంత దూరం పోతుందో చూపిన కేసు మన హైదరాబాదీ నాయకుడిదే. బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా ఉన్న బంగారు లక్ష్మణ్ 2001లో లక్ష రూపాయలు తీసుకుంటూ తెహెల్కా వార్తా సంస్థ రహస్య కెమెరాకు దొరికారు. ఆయుధ వ్యాపారులమని వచ్చినవాళ్లు విలేకరులు. వాళ్లు చెప్పిన కంపెనీ లేదు, అమ్ముతామన్న పరికరాల ఒప్పందమూ లేదు. అది పార్టీ నిధికి తీసుకున్న డబ్బని ఆయన వాదన. ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు 2012 ఏప్రిల్‌లో ఆయన్ను దోషిగా తేల్చి 4 ఏళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికి వచ్చారు, 2014లో మరణించారు. రక్షణ శాఖలో ఒక్క ఫైలు కూడా కదలకపోయినా ఈ నేరం పూర్తవుతుందని ఆ తీర్పుతో అర్థమవుతుంది. పలుకుబడి వాడతానని డబ్బు తీసుకున్న క్షణమే చట్టం దృష్టిలో అమ్మకం జరిగిపోయింది.

ఉట్టి నటన అయితే మోసం కేసు. పాత 420, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. ఏ కేసు పెట్టాలన్నది పలుకుబడి నిజమా కాదా అన్న దర్యాప్తు మీద ఆధారపడుతుంది. ఆ దర్యాప్తులోనే చాలా కేసులు ఏళ్ల తరబడి చిక్కుకుపోతాయి.

గులాబీ రంగు నీళ్లు, మధ్యలో మనిషి

ఏసీబీ ప్రకటనలు చదివేవారికి "ప్రైవేటు వ్యక్తి ద్వారా లంచం తీసుకుంటూ" అన్న మాట బాగా పరిచయం. ఏసీబీ వల పన్ని పట్టుకునే ట్రాప్ జరిగే తీరు చూస్తే మధ్యలో మనిషి ఎందుకుంటాడో తెలుస్తుంది. ఫిర్యాదుదారు ఇవ్వబోయే నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. అది కంటికి కనిపించదు. నోట్లు చేతులు మారాక, తీసుకున్నవాడి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. గ్లాసులో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి సాక్ష్యంగా దాస్తారు.

నోట్లు డ్రైవరో, ప్రైవేటు అసిస్టెంటో, జిరాక్స్ షాపువాడో తీసుకుంటే అధికారి వేళ్లు ముంచినా నీళ్ల రంగు మారదు. మధ్యవర్తి అన్నిటికన్నా ఎక్కువగా అమ్మేది ఇదేనేమో: అటువైపు వాడికి రక్షణ, ఇటువైపు వాడికి "నేను లంచం ఇవ్వలేదు, ఏజెంటు ఫీజు ఇచ్చాను" అన్న ఊరట. చట్టం ఈ దారి మూయడానికి ప్రయత్నించింది. నేరుగా తీసుకున్నా మూడో మనిషి ద్వారా తీసుకున్నా ఒకటేనని అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్ వివరణలో ఉంది. చేసిన పని సక్రమమైనదే అయినా, అందుకు ప్రతిఫలం తీసుకోవడమే ఉద్యోగికి నేరం. అయినా అధికారి అడిగాడనీ, తీసుకున్నాడనీ రుజువు చెయ్యాల్సిందే. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా పరిస్థితుల సాక్ష్యంతో ఆ రుజువు చూపవచ్చని తేల్చింది.

మరి ఇచ్చినవాడి సంగతి? 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా విడిగా నేరమే, 7 ఏళ్ల దాకా శిక్ష పడవచ్చు. గత్యంతరం లేక ఇచ్చినవాడు 7 రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే మినహాయింపు ఉంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర, పంట డబ్బు ఆగిపోయిన చోట ఇచ్చినవాడికి ఈ ఏడు రోజుల సంగతి తెలిసి ఉండదు. నాకు బాధ కలిగించే విషయాల్లో ఇదొకటి.

డబ్బు లేని సిఫార్సు తప్పా?

ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కూర్చున్న జనాన్ని చూడండి. ఒకరికి సీఎం సహాయనిధి చెక్కు, ఒకరికి పింఛను, ఒకరికి గురుకులంలో సీటు. ఎమ్మెల్యే ఫోన్ చేస్తాడు, లెటర్‌ప్యాడ్ మీద రెండు వాక్యాలు రాసిస్తాడు. డబ్బు చేతులు మారదు. దీన్ని సమర్థించేవాళ్ల వాదన బలమైనదే: ఉన్నవాడికి ఐఏఎస్ బావమరిది ఉంటాడు, లేనివాడికి ఓటు వేసిన ఎమ్మెల్యే ఒక్కడే పరిచయం. ఆ పరిచయం కూడా తప్పంటే పేదవాడికి తలుపే ఉండదు. ఎదుటి వాదన కూడా అంతే గట్టిది: హక్కుగా రావాల్సింది దయగా వచ్చినప్పుడు, లెటర్ తెచ్చుకోలేని ఇంకొక పేదవాడు లైనులో వెనక్కి జరుగుతాడు. నాకైతే ఆగిన ఫైలు గురించి "ఎందుకు ఆగింది?" అని ఎమ్మెల్యే అడగడానికీ, "ఇతనికే ఇవ్వు" అని చెప్పడానికీ మధ్య తేడా కనిపిస్తుంది. మొదటిది ఆయన పని. రెండోది ఇంకొకరి వంతు తీసుకోవడం.

ఉచితంగా ఇచ్చిన సిఫార్సు సరుకుగా ఎలా మారుతుందో చూడాలంటే తిరుమలను మించిన చోటు లేదు. వీఐపీ బ్రేక్ దర్శనం టికెట్ 500 రూపాయలు. ప్రజాప్రతినిధి లేఖ ఉంటే ఆరుగురు దాకా వెళ్లవచ్చు. అంటే అసలు ఖర్చు 3 వేలు. లేఖ రాసిన నాయకుడు పైసా తీసుకోకపోవచ్చు. కానీ అది పీఏ చేతి నుంచి అనుచరుడికి, అక్కడి నుంచి కొండ కింద బ్రోకరుకు చేరిందనుకోండి. తలకు 5 వేలు చొప్పున అమ్మితే 30 వేలు. ఆ 27 వేల తేడా లైనులో పన్నెండు గంటలు నిలబడకుండా ఉండటానికి ఇచ్చిన ధర. ఇలా లేఖలు అమ్ముకున్నారని తిరుమలలో పోలీసు కేసులు నమోదవుతూనే ఉంటాయి. 2019లో టీటీడీ శ్రీవాణి ట్రస్టుకు 10 వేలు విరాళం ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం కల్పించే పథకం తెచ్చినప్పుడు చెప్పిన కారణాల్లో దళారులను అరికట్టడం ఒకటి. దళారి జేబులోకి పోయే డబ్బు గుడుల నిర్మాణానికి పోతుందని కొందరి సమర్థన. స్వామి ముందు వంతుకు ధర కట్టడమే తప్పని ఇంకొందరి ఆవేదన. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

లాబీయింగ్ అంటే సూటు వేసుకున్న పైరవీయేనా?

కంపెనీలు, సంఘాలు తమకు అనుకూలమైన విధానం కోసం ప్రభుత్వంతో మాట్లాడటం లాబీయింగ్. అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు పేరు నమోదు చేసుకోవాలి, ఎవరి తరఫున ఏ అంశంపై ఎంత ఖర్చుతో పనిచేస్తున్నారో ఎప్పటికప్పుడు లెక్క చెప్పాలి. మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఇక్కడ లాబీయింగ్ చట్టబద్ధమని చెప్పే చట్టమూ లేదు, దాన్ని బయటపెట్టమని అడిగే చట్టమూ లేదు.

ఈ తేడా 2012లో పార్లమెంటును కుదిపేసింది. భారత రిటైల్ మార్కెట్ సహా పలు అంశాలపై 2008 నుంచి దాదాపు 2.5 కోట్ల డాలర్లు లాబీయింగ్‌కు ఖర్చుపెట్టామని వాల్‌మార్ట్ అమెరికా సెనేట్‌కు ఇచ్చిన నివేదికల్లో ఉంది. ఇక్కడ అది లంచమేనని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి. అది అమెరికాలోనే, అమెరికా చట్టం ప్రకారమే చేసిన ఖర్చని కంపెనీ చెప్పింది. ప్రభుత్వం 2013 జనవరిలో జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ వేసింది. మన పార్లమెంటు మన మార్కెట్ గురించి తెలుసుకున్నది అక్కడి కాగితాల నుంచి. ఢిల్లీలో, అమరావతిలో, హైదరాబాద్‌లో లైజన్ ఆఫీసరు అన్న హోదాతో జరిగే పనికి అలాంటి కాగితం ఎక్కడా లేదు.

చేతులు తడిపితే చక్రం తిరుగుతుందా?

1964లో, అవినీతిపై కేంద్రం వేసిన సంతానం కమిటీ 'స్పీడ్ మనీ' గురించి రాసింది. తప్పుడు పని కోసం కాదు, ఫైలు త్వరగా కదలడం కోసం ఇచ్చే డబ్బు. అదే కాలంలో నథానియల్ లెఫ్ వంటి ఆర్థికవేత్తలు, అడ్డగోలు నిబంధనలున్న చోట ఈ డబ్బు ఇరుసుకు కందెనలా పనిచేస్తుందని వాదించారు. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్దాల్ దీన్ని తిప్పికొట్టారు: త్వరగా కదలడానికి డబ్బు వస్తుందని తెలిస్తే, డబ్బు వచ్చేదాకా కదలకుండా ఆపుతారు. ఆలస్యం దానంతట అది ఉన్నది కాదు, తయారయ్యేది.

ఎవరి మాట నిలుస్తుందో ఢిల్లీలో డ్రైవింగ్ లైసెన్సుల మీద జరిగిన ఒక ప్రయోగం కొంత చూపించింది. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ తదితరులు ఎనిమిది వందల మందికి పైగా అభ్యర్థులను గమనించి 2007లో ప్రచురించారు. లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు సగటున అసలు ఫీజుకు రెట్టింపు కన్నా ఎక్కువే ఖర్చుపెట్టారు. చాలామంది ఏజెంటు ద్వారా వెళ్లి పరీక్షే రాయలేదు. తర్వాత విడిగా పరీక్షిస్తే సగానికి పైగా బండి నడపలేకపోయారు. నేరుగా వెళ్లినవాళ్లను మాత్రం, నడపడం వచ్చినా రాకపోయినా ఫెయిల్ చేసిన తీరు కనిపించింది. కందెన అనుకున్నది ఇక్కడ కేవలం వేగం ఇవ్వలేదు. నడపడం రాని మనిషిని రోడ్డు మీదికి పంపింది.

ఆన్‌లైన్ అయితే పైరవీ ఎటు పోతుంది?

మనిషిని తీసేసి కంప్యూటర్ పెడితే దళారి పోతాడన్నది సహజమైన ఆశ. ఆదాయ ధ్రువపత్రం వంటివాటిలో మీసేవ చాలా తిరుగుడు తగ్గించింది. కానీ నిర్ణయం మిగిలి ఉన్న చోట పైరవీ చావదు, చోటు మారుతుంది.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన భూమి రికార్డుల పోర్టల్ ధరణి దీనికి దగ్గరి ఉదాహరణ. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే రోజు అయిపోయేలా చేసింది. వివాదం లేని భూమికి అది నిజంగా మేలు. ఇబ్బంది తప్పు పడిన భూములతో వచ్చింది. రెండెకరాల రైతు సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల నిషేధిత జాబితాలో పడిందనుకోండి. అంతకుముందు ఆయన వీఆర్వోనో తహసీల్దారునో అడిగేవాడు, అడిగినచోటే డబ్బూ ఇచ్చేవాడు. ఇప్పుడు సరిదిద్దే అధికారం కలెక్టరు లాగిన్‌కు వెళ్లింది. ఊళ్లో పైరవీకారుకు ఆ లాగిన్ దగ్గరికి దారి లేదు. కాబట్టి జిల్లా కేంద్రంలో దారి తెలిసిన ఇంకా పెద్ద మనిషి పుట్టాడు, ధర కూడా అతని స్థాయికి తగ్గట్టు పెరిగింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూ భారతి, కింది స్థాయి అధికారులకు కొన్ని అధికారాలు తిరిగిచ్చి, అప్పీలుకు అవకాశం కల్పించింది.

మా అమ్మ లాంటివాళ్లకు తేడా తెలిసేది ఇంకా చిన్న చోట. మా దరఖాస్తును రెండుసార్లు తిరస్కరించినప్పుడు స్క్రీన్ మీద "డాక్యుమెంట్స్ సరిగా లేవు" అని మాత్రమే వచ్చింది. ఏ కాగితంలో ఏ పేరు తేడాగా ఉందో అక్కడే ఒక్క వాక్యం రాసి ఉంటే మేం ఆ గేటు దాకా వెళ్లేవాళ్లమే కాదు.